సొంతంగా ఎస్‌క్యూఎల్ – 6వ భాగం: రోజువారీ లెక్క తీయడం

డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్. గత భాగంలో, ఒకే విలువ ఉన్న రికార్డులను ఒక గుంపుగా చేర్చే గ్రూప్ బై సాయంతో ఫిర్యాదులను విభాగాలవారీగా లెక్కించాము. ఈసారి అదే పనిని రోజులవారీగా చేయబోతున్నాము. ఇది చిన్న మార్పే అనిపించవచ్చు గాని, విభాగం పేరు రికార్డులో ఉన్నదున్నట్టుగా దొరుకుతుంది, రోజు అలా దొరకదు. టేబుల్‌లో ఉండేది సెకన్లతో సహా నమోదైన సమయం కాబట్టి, అందులోంచి రోజును మనమే రాబట్టుకోవాలి.

ఫిర్యాదులు అనే టేబుల్‌లో నమోదు_సమయం అనే కాలమ్ ఉందని, అందులో ఈ నాలుగు విలువలు ఉన్నాయని అనుకుందాం:

2024-03-04 23:58:10
2024-03-05 00:03:41
2024-03-05 14:20:00
2024-03-07 09:15:27

ఈ కాలమ్‌ను నేరుగా గ్రూప్ బైకి అప్పగిస్తే, ఏ రెండు సమయాలూ ఒకటి కావు కనుక, ఒక్కో రికార్డుతో నాలుగు గ్రూపులు వస్తాయి. అందుకే సమయాన్ని తీసేసి తేదీని మాత్రమే మిగిల్చే డేట్ ఫంక్షన్‌ను వాడాలి. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి.

సెలెక్ట్ డేట్(నమోదు_సమయం) యాజ్ రోజు, కౌంట్(*) యాజ్ సంఖ్య
ఫ్రమ్ ఫిర్యాదులు
గ్రూప్ బై డేట్(నమోదు_సమయం)
ఆర్డర్ బై రోజు;

ఫలితంగా 4వ తేదీకి 1, 5వ తేదీకి 2, 7వ తేదీకి 1 వస్తాయి. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లు రెండింటిలోనూ ఇది ఇలాగే పనిచేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్ ఫంక్షన్‌కు బదులు క్యాస్ట్‌ను, ఒరాకిల్‌లో ట్రంక్‌ను వాడతారు.

మొదటి రెండు రికార్డుల మధ్య ఆరు నిమిషాల తేడా కూడా లేదు, అయినా అవి వేర్వేరు రోజుల కింద చేరాయి. ఆ అర్ధరాత్రి ఎవరి గడియారం ప్రకారం అన్నది అసలు ప్రశ్న. సమయాలు యూటీసీలో (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయంలో) నమోదై, మీ రిపోర్టు చదివేవారు యూటీసీ కంటే మూడు గంటలు ముందున్న చోట ఉంటే, మొదటి ఫిర్యాదు వారి లెక్కలో 5వ తేదీ తెల్లవారుజామున 2:58కి వచ్చినట్టు. అప్పుడు 5వ తేదీకి 3 వస్తాయి, 4వ తేదీ ఫలితంలోనే ఉండదు. కాబట్టి ముందు టైమ్ జోన్ మార్చి, ఆ తర్వాతే తేదీని తీయాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఇందుకు కన్వర్ట్_టీజెడ్ ఉంది. క్వెరీ (డేటాబేస్‌కు మనం రాసే ప్రశ్న) ఎర్రర్ చూపకుండా తప్పు అంకెలు ఇచ్చే సందర్భం ఇదే కనుక, రిపోర్టు ఏ టైమ్ జోన్ ప్రకారం కావాలో రాయడానికి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక 6వ తేదీ సంగతి. ఆ రోజు ఫిర్యాదులేవీ లేవు, అందువల్ల ఫలితంలో 0 రావడానికి బదులు ఆ వరుసే రాలేదు. లేని రికార్డులతో గ్రూప్ బై గ్రూపును తయారు చేయలేదు. అన్ని తేదీలూ ఉన్న క్యాలెండర్ టేబుల్‌ను ఎడమవైపు పెట్టి, ఫిర్యాదులను లెఫ్ట్ జాయిన్‌తో (ఎడమ టేబుల్ వరుసలన్నీ ఉంచి, జత దొరకని చోట ఖాళీ వదిలే పద్ధతితో) కలిపి, క్యాలెండర్ తేదీ మీద గ్రూప్ చేస్తే ఈ లోటు తీరుతుంది. పోస్ట్‌గ్రెస్‌లోనైతే జనరేట్_సిరీస్ ఆ తేదీలను అప్పటికప్పుడు ఇస్తుంది. అయితే ఇక్కడ కౌంట్(*) పనికిరాదు, ఎందుకంటే ఖాళీ రోజున కూడా క్యాలెండర్ వరుస ఒకటి ఉంటుంది, దాన్ని లెక్కపెట్టి అది 1 చూపిస్తుంది. కౌంట్(ఫిర్యాదులు.ఐడీ) అని, అంటే ఒక్కో ఫిర్యాదుకూ ఉండే ఐడీ కాలమ్‌ను లెక్కించేలా రాస్తే, నల్ (ఖాళీ) విలువలు లెక్కలోకి రావు, 0 సరిగ్గా వస్తుంది.

ఒక్క నెల లెక్కే కావాలంటే, బిట్వీన్ '2024-03-01' యాండ్ '2024-03-31' అని రాయకండి. చివరి తేదీకి అర్ధరాత్రి 00:00:00 అనే అర్థం వస్తుంది కనుక 31వ తేదీ దాదాపు మొత్తం పోతుంది. నమోదు_సమయం >= '2024-03-01' యాండ్ నమోదు_సమయం < '2024-04-01' అని రాస్తే నెలంతా వస్తుంది, కాలమ్‌ను ఫంక్షన్‌లో చుట్టలేదు కాబట్టి దాని మీదున్న ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉండే సూచిక) కూడా ఉపయోగపడుతుంది.

అభ్యాసం: ఒకే వ్యక్తి ఒక రోజులో ఎన్ని ఫిర్యాదులు పంపినా ఒక్కసారే లెక్కకు వచ్చేలా పై క్వెరీని మార్చండి. కౌంట్ లోపల డిస్టింక్ట్ వాడవలసి వస్తుంది. జవాబు వచ్చే భాగంలో, నెలవారీ లెక్కతో పాటు.