ఫోన్ కవర్ వెనక కార్డు పెట్టుకుని బయల్దేరకండి

మా సత్యనారాయణపురంలో పక్కింటి అబ్బాయి పోయిన వారమే కాశీ నుంచి తిరిగొచ్చాడు. వీపున ఒక బ్యాగు, ఖాతాలో 12,000 రూపాయలు, పదిహేను రోజులు ఒక్కడే తిరుగుదామని వెళ్ళాడు. ఆరో రోజు రైలెక్కే తోపులాటలో ఫోన్ కొట్టేశారు. ఏటీఎం కార్డు ఆ ఫోన్ కవర్ వెనకే ఉంది. జేబులో నలభై రూపాయలు. ఎవరిదైనా ఫోన్ అడిగి చెబుదామంటే వాళ్ళమ్మ నంబరు గుర్తులేదు. అక్కడి ఒక తెలుగు సత్రం వాళ్ళు అన్నం పెట్టి, టికెట్ కొనిచ్చి పంపారు.

దసరా సెలవులకు మన బెజవాడ నుంచి ఇలా బయల్దేరే పిల్లలు చాలామందే ఉన్నారు. చౌక బసలు, జనరల్ బోగీల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు, వాటి జోలికి పోను. కార్డును ఫోన్‌తో కలిపి ఉంచకండి. ఇంతమంది ఇబ్బంది పడటం చూశాను, అందరిదీ ఇదే తప్పు.

ఫోన్ పోతే కొత్త సిమ్ తీసుకుంటే చాలనుకుంటారు. చాలదు. డూప్లికేట్ సిమ్ మీద 24 గంటల దాకా ఎస్ఎంఎస్‌లు ఆపేస్తారు. మన నంబరు మీద మోసగాళ్ళు సిమ్ తీసి ఖాతా ఊడ్చేయకుండా పెట్టిన నిబంధన అది. ఎస్ఎంఎస్ లేనిదే ఓటీపీ రాదు, యూపీఐ మళ్ళీ మొదలవదు. మొదలయ్యాక కూడా తొలి రోజు 5,000కు మించి పంపనివ్వరు. ఇవన్నీ ముందు ఇంకో ఫోన్ కొన్నాకే. ఆ రోజుల్లో మిమ్మల్ని ఆదుకునేవి చేతిలో నోట్లు, పిన్‌తో పనిచేసే కార్డు. ఆ కార్డు కూడా ఫోన్‌తోనే పోతే?

అందుకే డబ్బు మూడు చోట్ల ఉండాలి. ఆ రోజు ఖర్చు మాత్రమే పై జేబులో. కార్డు, 2,000 నగదు బట్టల లోపల నడుముకు కట్టుకునే సంచిలో. ఇంకో వెయ్యి బ్యాగు అడుగున, మడత బట్టల్లో. వంద, రెండొందల నోట్లే తీసుకెళ్ళండి.

ప్రయాణం డబ్బు వేరే ఖాతాలో వేసి యూపీఐ దానికే లింకు చేయండి. అసలు ఖాతా ఇంటి దగ్గరే ఉండనివ్వండి, వారానికింత అని నాన్ననో అక్కనో వేయమనండి. తిరుగు టికెట్ ఇక్కడ రైలెక్కక ముందే కొనండి, 60 రోజుల ముందు నుంచే దొరుకుతుంది. ఆఖర్లో చేయి ఖాళీ అయినా ఇల్లు చేరతారు. టికెట్ పీఎన్ఆర్ నంబరు కాగితం మీద రాసి, ఒరిజినల్ ఆధార్‌తో కలిపి ఉంచండి. కశ్మీర్ వెళ్ళేవాళ్ళు పోస్ట్‌పెయిడ్ సిమ్ తీసుకోండి, మన ప్రీపెయిడ్ అక్కడ పనిచేయదు. అర్జెంటు కాల్ అని అడిగినవాడి చేతికి ఫోన్ ఇవ్వకండి, నంబరు మీరే కొట్టి స్పీకర్‌లో పెట్టండి. డబ్బు మీకు రావడానికి పిన్ అక్కర్లేదు, కొట్టమన్నాడంటే దొంగే. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫోన్ పోతే ముందు బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి, పోలీసు ఫిర్యాదు తర్వాత. రోజూ పడుకునే ముందు నోట్లు లెక్క చూసుకోండి. ఇంటివాళ్ళవి రెండు నంబర్లు బట్టీ పట్టండి. కార్డు ఫోన్‌తో వద్దు. ఇప్పుడే ఆ కవర్ ఊడదీసి చూడండి, ఉంటే బయటికి తీయండి.