ఎకోలో బండి లాగట్లేదా? ముందు మ్యాట్ తీసి చూడండి

"అన్నా, ఎకోలో బండి అస్సలు లాగుతలేదు" అంటూ చిన్న సెడాన్లు నల్గొండలో నా మెకానిక్ షెడ్డుకి తరచూ వస్తాయి. నేను మొదట మీటర్ చూస్తాను. ఎకో (పెట్రోల్ పొదుపుకి), నార్మల్, స్పోర్ట్ (చురుగ్గా లాగడానికి) అనే డ్రైవ్ మోడ్‌లలో ఏది వెలుగుతోందో ఓనర్‌కే తెలియని సందర్భాలు ఎన్నో. కొన్ని కార్లు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే నార్మల్‌కి వస్తాయి, కొన్ని పాత మోడ్‌లోనే ఉండిపోతాయి. మీ కారు ఏ రకమో ఒకసారి ఆపి, స్టార్ట్ చేసి చూసుకోండి. దయచేసి ఈ పని చేయకుండా ప్లగ్గులు మార్పించకండి.

ఏసీ చల్లగా రావట్లేదు: మే నెలలో ఎక్కువగా వినే మాట ఇది. చాలా కార్లలో ఎకో మోడ్ ఏసీ కంప్రెసర్ పని తగ్గిస్తుంది. నార్మల్‌లో పది నిమిషాలు నడపండి. చల్లబడితే గ్యాస్ బాగానే ఉన్నట్టు. సరిపడా ఉన్నదాంట్లో ఇంకా గ్యాస్ ఎక్కిస్తే ప్రెషర్ పెరిగి, చల్లదనం ఇంకా పడిపోతుంది.

మైలేజీ పడిపోయింది: స్పోర్ట్‌లో ఆటోమేటిక్ గేర్లు ఆలస్యంగా మారతాయి, ఆర్‌పీఎం, అంటే ఇంజన్ తిరిగే వేగం, పైనే ఉంటుంది. ఇంట్లో ఎవరో బటన్ నొక్కి వదిలేసి ఉంటారు. నార్మల్‌కి తెచ్చి, టైర్లలో గాలి చూసుకుని, ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి లెక్క వేయండి.

ఎకోలో లాగదు, స్పోర్ట్‌లో కొంచెం నయం: నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. శ్రీశైలం వెళ్లి వస్తూ, డ్యాం దాటాక దోమలపెంట ఘాట్‌లో బండి ఎక్కలేదని ఒకాయన వచ్చాడు. ఎయిర్ ఫిల్టర్ మార్చాను, ప్లగ్గులు మార్చాను, ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ బాడీ క్లీన్ చేశాను. రెండు రోజులు బండి నా దగ్గరే ఉంది, తేడా లేదు. మూడో రోజు పొద్దున బండి కడిగే అబ్బాయి మ్యాట్లు తీసి ఎండకు వేశాడు. అలాగే ట్రయల్‌కి తీస్తే బండి అందుకుంది! మ్యాట్లు వేస్తే మళ్లీ పాత కథే. కంపెనీ మ్యాట్ మీద, వానాకాలం బురద అంటకుండా ఆయన మందపాటి రబ్బరు మ్యాట్ ఇంకొకటి వేశాడు. పెడల్ దానికి తగిలి మధ్యలోనే ఆగిపోతోంది. ఆ ప్లగ్గుల డబ్బు నేను తీసుకోలేదు.

తప్పు మోడ్‌దే అని ఎందుకు అనిపిస్తుందంటే, ఈ కార్లలో యాక్సిలరేటర్‌కి కేబుల్ ఉండదు. ఎంత నొక్కారో సెన్సర్ చెబుతుంది, ఇంజన్‌కి ఎంత గాలి వదలాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మోడ్ మారిస్తే ఆ లెక్క మారుతుంది. అదే సగం పెడల్‌కి థ్రాటిల్ ఎకోలో తక్కువ, స్పోర్ట్‌లో ఎక్కువ తెరుచుకుంటుంది. అంతేగాని సాధారణంగా స్పోర్ట్‌లో ఇంజన్ బలం పెరగదు. చాలా కార్లలో పెడల్ చివరిదాకా నొక్కితే ఎకోలో కూడా పూర్తి బలం వస్తుంది, ఆటోమేటిక్‌లో గేర్ కిందికి దిగుతుంది. మ్యాట్ అడ్డం ఉంటే ఆ చివరిదాకా కాలు వెళ్లదు. అందుకే ఎకోలో చచ్చుబడినట్టు, స్పోర్ట్‌లో పర్వాలేదన్నట్టు ఉంటుంది.

ఇంజన్ ఆపి, పెడల్‌ని చేత్తో చివరిదాకా నొక్కండి. మ్యాట్లన్నీ తీసి మళ్లీ నొక్కండి. ఇంకా లోపలికి వెళ్లిందంటే కారణం దొరికినట్టే. కారు కంప్యూటర్‌కి తగిలించి చూసే స్కానర్ ఉంటే, ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి, పెడల్ చివరిదాకా నొక్కి రీడింగు చూడండి. మ్యాట్ ఉన్నా, తీసినా ఒకటే రావాలి.

మీ మోడల్‌కి సరిపోయే మ్యాట్ ఒక్కటే వేసి, కింద ఉన్న హుక్కులకు తగిలించండి. పైన ఇంకోటి వద్దు. అది జారి బ్రేక్ కిందికి వెళ్లినా, యాక్సిలరేటర్‌ని నొక్కి పట్టినా ప్రాణం మీదికి వస్తుంది.

మ్యాట్ తీశాక కూడా అలాగే ఉండి, ఇంజన్ లైట్ వెలుగుతుంటే పెడల్ సెన్సరో, థ్రాటిలో అయి ఉండొచ్చు. అవి అరుదు. స్కానర్‌లో కోడ్ చూశాకే ఏదైనా విప్పనివ్వండి.