పక్షి వేటకూ క్లే షూటింగ్‌కూ లివర్ యాక్షన్ షాట్‌గన్ ఎంచుకోవడం ఎలా?

మొదటి దెబ్బ విషయంలో లివర్ యాక్షన్ షాట్‌గన్‌కూ మిగతా షాట్‌గన్లకూ పెద్ద తేడా లేదు. తేడా అంతా రెండో దెబ్బలో ఉంది. ట్రిగ్గర్ నొక్కిన చెయ్యే లివర్‌ను చివరిదాకా కిందికి తొయ్యాలి, ఖాళీ తూటా ఎగిరిపడ్డాక మళ్లీ పైకి లాగి బిగించాలి. ఈ పనంతా తుపాకీ మడమ భుజాన్ని వదలకుండా, చూపు పక్షిని వదలకుండా జరగాలి. అందుకే ఈ రకం తుపాకీ కొనేటప్పుడు బోరు (గొట్టం లోపలి వెడల్పు), బరువు, గొట్టం పొడవు ఇలా ఏ ప్రశ్న వచ్చినా నేను ఒక్కటే చూస్తాను. రెండో తూటా నా చేతికి ఎంత తేలిగ్గా అందుతుంది?

1. దేనికి వాడతారో ముందే తేల్చుకోండి

ట్రాప్ అనే ఆటలో క్లే (యంత్రం గాల్లోకి విసిరే గురి బిళ్ల) మనకు దూరంగా పరుగెత్తుతుంది, సాధారణంగా 30 మీటర్లు దాటాకే పగులుతుంది. అమెరికన్ ట్రాప్‌లో క్లేలు ఒక్కొక్కటే వచ్చే సింగిల్స్‌లో ఒక్కో క్లేకు ఒక్కటే దెబ్బ కనుక లివర్ నెమ్మది అడ్డం రాదు. కానీ ఆ దూరానికి చిన్న బోరు చాలదు. స్కీట్ అనే మరో ఆటలో క్లేలు దగ్గరగా, అడ్డంగా పోతాయి. రెండు వైపుల నుంచి వచ్చే క్లేల దారులు కలిసే చోటు నిలబడిన మనిషికి ఇంచుమించు 19 మీటర్లే. అయితే కొన్ని స్టేషన్లలో (నిలబడి కాల్చే చోట్లలో) రెండు క్లేలు ఒకేసారి లేస్తాయి, అక్కడ లివర్ పరీక్ష పెడుతుంది. పూరేళ్లు, కౌజులు, గువ్వల్లాంటివి దగ్గర్లో లేస్తాయి కాబట్టి వాటికి ఈ తుపాకీ సరిపోతుంది. బాతులకు నేను సిఫారసు చేయను.

పోటీల్లో గెలవాలన్న పట్టుదల ఉంటే పైనా కిందా రెండు గొట్టాలుండే ఓవర్ అండర్ తీసుకోండి. లివర్ యాక్షన్ తీరిగ్గా క్లేలు కొట్టేవారికీ, దగ్గర్లో లేచే పిట్టల వేటకూ తగినది. ఈ రెండూ మీకు ఇష్టమైతే ఇది చేతిలో ఉండడం నిజంగా ఆనందం.

2. చట్టం చూడకుండా మోడల్ చూడొద్దు

లైసెన్సు, వేట అనుమతి, ఏ పక్షి, ఏ కాలం అన్నవి ఒక్కో దేశంలో ఒక్కో తీరు. వేటే నిషేధమైన చోట క్లే షూటింగ్ ఒక్కటే దారి. తుపాకీలో పట్టే తూటాల సంఖ్య మీదా నియమాలుంటాయి. ఆస్ట్రేలియాలో 2016 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం 5 తూటాలకు మించని మ్యాగజైన్ (తూటాలు నిల్వ ఉండే అర) ఉన్న లివర్ షాట్‌గన్లు ఒక వర్గంలోకి, అంతకు మించినవి చాలా కఠినమైన మరో వర్గంలోకి వెళ్లాయి. అమెరికాలో వలస పక్షులను షాట్‌గన్‌తో వేటాడాలంటే గొట్టంలోదీ మ్యాగజైన్‌లోవీ కలిపి 3 తూటాలకు మించకూడదు. ఎక్కువ పట్టే తుపాకీకి లోపల అడ్డుకట్టగా ప్లగ్ పెట్టాలి. మీరు కొనే మోడల్‌కు ఆ ప్లగ్ దొరుకుతుందో లేదో ముందే అడగండి.

3. బోరు: .410 కావాలా, 12 గేజా?

ఇప్పుడు దొరికే లివర్ షాట్‌గన్లలో ఎక్కువ మంది చూసేవి .410వే, అంటే సన్నటి బోరువి. 12 గేజ్ బోరు వాటికంటే చాలా వెడల్పు. హెన్రీ కంపెనీ తయారుచేస్తున్నది ఆ కోవదే. వించెస్టర్ 9410 కూడా అలాంటిదే, 2001లో వచ్చి 2006లో ఆగిపోయింది, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరకాలి. రైఫిల్ యంత్రాంగం మీద కట్టినవి కావడంతో వీటి లివర్ కదలిక పొట్టి, నున్నన. వేలికణుపులు పెద్దగా శ్రమపడవు.

లోటు తూటాలో ఉంది. రెండున్నర అంగుళాల .410 తూటాలో పట్టేది అర ఔన్సు, అంటే 14 గ్రాముల పెల్లెట్లు (చిన్న గుండ్లు). ఏడున్నర నంబరు సైజువి అయితే సుమారు 170. క్లేలకు వాడే 28 గ్రాముల 12 గేజ్ తూటాలో అదే నంబరు పెల్లెట్లు 350 దాకా ఉంటాయి. సగం పెల్లెట్లతో అదే వెడల్పు నింపాలంటే మధ్యలో సందులు మిగులుతాయి, వాటిలోంచి క్లే చెక్కుచెదరకుండా జారిపోతుంది. అయినా అమెరికన్ స్కీట్‌లో .410కి విడిగా ఒక పోటీ విభాగమే ఉంది, అర ఔన్సుతోనే ఆడతారు. ఈ బోరు పిల్లలకు అన్న మాట నాకు నచ్చదు. వెనక్కి తన్నడం తక్కువే, కానీ గురి తప్పితే క్షమించని బోరు ఇది. కొత్తవారికి మొదటి తుపాకీగా ఇస్తే ఊరికే నిరాశపడతారు.

12 గేజ్‌లో లివర్ కావాలంటే దారులు రెండు. ఒకటి, జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1887 మోడల్‌కు నేటి నకళ్లు. ఇటలీలో కియప్పా తయారుచేస్తున్నవి అందులో పేరున్నవి. రెండు, పంప్ షాట్‌గన్ (ముందు పట్టును వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించేది) లాంటి ఒంటికి లివర్ బిగించిన కొత్తరకాలు, టర్కీలో తయారయ్యే ఆడ్లర్ లాంటివి. 1887 చూపుకు గొప్పగా ఉంటుంది. దాని లివర్ మాత్రం చాలా దూరం తిరుగుతుంది, భుజం మీద పెట్టుకుని తిప్పడం శ్రమే. బ్రౌనింగే అప్పట్లో పంప్ తరహా వైపు మొగ్గాడు, లివర్ తమ గుర్తింపు కనుక అదే కావాలని కంపెనీ పట్టుబట్టింది.

4. తూటా పొడవు దగ్గర పొరపాటు చేయొద్దు

తూటా పెట్టె మీద రాసిన పొడవు పేలాక నోరు తెరుచుకున్న తూటాది. పేలకముందు నోరు మడిచి ఉంటుంది కాబట్టి అది పొట్టిగా ఉంటుంది. దానివల్ల 3 అంగుళాల .410 తూటా రెండున్నర అంగుళాల ఛాంబర్‌లోకి (గొట్టంలో తూటా కూర్చునే చోటులోకి) కూడా చాలాసార్లు దూరిపోతుంది. కాల్చినప్పుడు మడత విప్పుకోవడానికి చోటు ఉండదు, లోపల ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. దూరింది కదా అని సరిపోయినట్టు కాదు. గొట్టం మీద చెక్కిన అంకె చదివి, దానికి తగ్గ తూటాలే కొనండి. వించెస్టర్ 9410, హెన్రీ .410 రెండున్నర అంగుళాలవే.

1887 నుంచి 1901 దాకా తయారైన అసలు వించెస్టర్ 1887 ఎవరైనా అమ్మజూపితే మరింత జాగ్రత్త. దాని 12 గేజ్ ఛాంబర్ 67 మిల్లీమీటర్లు, నేటి మామూలు తూటా 70. పైగా ఆ లోహం పాతకాలపు నల్ల గన్‌పౌడర్ ఒత్తిడికి తయారైనది. కొని గోడకు తగిలించుకోండి. కాల్చాలనిపిస్తే అనుభవమున్న గన్‌స్మిత్ పరీక్షించి, ఏ తూటా వాడొచ్చో చెప్పేదాకా ఆగండి.

5. గొట్టం, చోక్, గురి

హెన్రీ .410లో 20 అంగుళాల గొట్టమున్న మోడల్‌కు చోక్ (పెల్లెట్లు ఎంత పరుచుకోవాలో నియంత్రించే గొట్టం చివరి ఇరుకు) మార్చుకునే వీలు లేదు, వెనక రైఫిల్ తరహా గురి ఉంటుంది. 24 అంగుళాల మోడల్‌కు చోక్ మార్చుకోవచ్చు, గురికి ముందు ఇత్తడి పూస ఒక్కటే ఉంటుంది. ఎగిరే పక్షికి రెండోదే నా మాట. వెనక గాడి ఉంటే కన్ను దానిలో పూసను కూర్చోబెట్టాలని ఆగిపోతుంది. కన్ను ఆగితే గొట్టం ఆగుతుంది, దెబ్బ పక్షి వెనక పడుతుంది. పొడవాటి గొట్టం ముందు బరువుతో ఊపు నిలబెడుతుంది కూడా.

చోక్ గురించి తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. .410కి మాడిఫైడ్, ఫుల్ అనే బిగువైన రకాలు రెండూ దగ్గర పెట్టుకోండి. 12 గేజ్‌తో స్కీట్‌కు, దగ్గరి పిట్టలకు ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే వదులు రకం చాలు. సీసం నిషేధమున్న చోట స్టీలు తూటాలు వాడే ముందు ఆ గొట్టం, ఆ చోక్ వాటికి తగినవేనా అని తయారీదారు సూచనల్లో చూసుకోండి.

6. దుకాణంలో చేసి చూడాల్సిన పరీక్ష

తుపాకీ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి రూఢి చేసుకోండి. గొట్టం మనుషుల వైపు ఉండకూడదు. కళ్లు మూసుకుని తుపాకీని భుజానికెత్తి చెంప ఆనించండి. అలాగే ఉండి కళ్లు తెరవండి. పూస రిసీవర్ (యంత్రాంగం ఉండే భాగం) మధ్యలో, కాస్త పైకి కనబడాలి. రిసీవర్ వెనక భాగం తప్ప ఏమీ కనబడకపోతే చెంప ఆనే చోటు మీకు పల్లంగా ఉన్నట్టు. రైఫిల్ మీద కట్టిన లివర్ తుపాకుల్లో ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది. స్టాక్ మీద ఎత్తు పెంచే మెత్తటి పట్టీ తొడిగి సరిచేసుకోవచ్చు.

తర్వాత డమ్మీ తూటాలు అడిగి తీసుకోండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే వేరే దుకాణం చూసుకోవడమే మేలు. రెండు డమ్మీలు పెట్టి, చెంప కదలకుండా లివర్‌ను చివరంటా తోసి, చివరంటా లాగండి. సగంలో ఆపితే ఖాళీ తూటా బయటికి రాదు, లేదా రెండోది అడ్డం పడుతుంది. ఇదే పని మీరు వేటలో వేసుకునే చేతితొడుగుతో మళ్లీ చేయండి. లివర్ వలయంలో వేళ్లు ఇరుక్కుంటే పెద్ద వలయమున్న మోడల్ చూడండి. ఎడమచేతి వాటంవారు ఖాళీ తూటా ముఖం ముందునుంచి పోతోందా అన్నది కూడా గమనించాలి.

బయట సుత్తి ఉండే తుపాకీ అయితే, లోపల నిజమైన తూటా ఉండగా సుత్తిని బొటనవేలితో దింపే అలవాటు చేసుకోవద్దు. చలికి మొద్దుబారిన వేలు జారితే తూటా పేలిపోవచ్చు. రేంజ్‌లో మీ వంతు వచ్చి స్టేషన్ మీద నిలబడేదాకా లివర్ తెరిచి, తుపాకీ ఖాళీగా ఉంచండి. కళ్లద్దాలు, చెవిరక్షణ తప్పనిసరి.

7. కాగితం మీద కాల్చి చూడండి

వీలైతే డబ్బు కట్టే ముందే ఈ పని చేయండి. మీటరుకు పైగా వెడల్పున్న కాగితం కట్టి, .410 అయితే 23 మీటర్ల నుంచి, 12 గేజ్ అయితే 36 మీటర్ల నుంచి మధ్యకు కాల్చండి. పెల్లెట్లు దట్టంగా పడిన చోటు చుట్టూ 76 సెంటీమీటర్ల వలయం గీయండి. క్లే వ్యాసం 108 మిల్లీమీటర్లు. అట్టముక్కను ఆ కొలతకు గుండ్రంగా కోసి వలయంలో అటూఇటూ జరపండి. ఒక్క చిల్లు కూడా తగలకుండా అది ఇమిడే సందులు రెండు మూడు కనబడితే బిగువైన చోక్ వేయండి, లేదా చిన్న పెల్లెట్ల తూటా మార్చి మళ్లీ కాల్చండి. ఒక్కో చోక్‌కు, ఒక్కో రకం తూటాకు కనీసం మూడు కాగితాలు చూడాలి. మూడింటిలోనూ దట్టమైన భాగం గురిపెట్టిన చోటికి కిందే పడితే చోక్ మార్చి లాభం లేదు, చెంప దగ్గర ఎత్తు పెంచి మళ్లీ కాల్చండి.