నిమ్మ చిగుళ్లపై వెండి గీతలు: సమస్య - పరిష్కారం

సమస్య: కడియం నర్సరీల నుంచి తెచ్చి పెరట్లో నాటిన నిమ్మ మొక్కలు తొలకరి వానలకు కొత్త చిగురు వేస్తాయి. ఆ చిగురు విప్పుకుంటూనే ముడుచుకుపోయి, ఆకులపై వెండిలా మెరిసే మెలికల గీతలు కనిపిస్తాయి. అదే కొమ్మ మీది ముదురు ఆకులు మాత్రం శుభ్రంగా ఉంటాయి. గీతలు లేకుండా ఆకు ముడుచుకుంటే అది పేనుబంక వంటి రసం పీల్చే పురుగుల పని కావచ్చు కనుక, ముందుగా ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. గీత నడుమ సన్నని నల్లదారంలా ఉండేది పురుగు మలం. ఆ దారి వెడల్పై ఆగిన చోట, పలుచని పొర కింద లేత పసుపు రంగు పిల్లపురుగు మెల్లగా కదులుతుంటుంది.

కారణం: రైతులు ఆకుముడత పురుగు అనే దీని శాస్త్రీయ నామం ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. 1856లో ఆంగ్లేయ కీటక శాస్త్రవేత్త స్టెయిన్‌టన్ దీన్ని మొదటిసారి వర్ణించింది మన కలకత్తా నమూనాల ఆధారంగానే. రెక్కలు చాపినా 5 మిల్లీమీటర్లు దాటని ఈ వెండి రంగు రెక్కల పురుగు లేత ఆకులపై, ఎక్కువగా ఈనె పక్కన, ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు గుడ్డు అడుగు నుంచే నేరుగా ఆకులోకి దిగుతుంది. చివరి దశలో తిండి మాని, ఆకు అంచును పట్టుదారంతో మడిచి అందులో రెక్కల పురుగుగా మారే కోశస్థ దశ గడుపుతుంది. వెచ్చని వాతావరణంలో ఈ చక్రమంతా రెండు వారాల్లోనే పూర్తి కావచ్చు.

పరిష్కారం: గీతలు పడ్డాక పైపైన మందు చల్లితే పొర కింది పురుగుకూ మడతలోని కోశానికీ అది సరిగా తగలదు, చాలామంది శ్రమా డబ్బూ ఇక్కడే వృథా అవుతున్నాయి. చిగురు వేలి కణుపంత ఉన్నప్పుడే, లీటరు నీటికి 50 గ్రాముల వేప గింజల పొడితో చేసిన 5 శాతం కషాయాన్ని సాయంత్రం పూట ఆకుల అడుగుభాగం తడిసేలా పిచికారీ చేసి, వారం తరువాత మరోసారి చేయాలి. ఆ రోజుల్లో యూరియా వేయకూడదు, మాటిమాటికీ కొమ్మలు కత్తిరించకూడదు, ఎందుకంటే రెండూ అదనపు చిగురును రప్పించేవే. ముడుచుకున్న ఆకులనూ తుంచవద్దు. మిగిలిన పచ్చదనంతో అవి మొక్కకు ఇంకా ఆహారం అందిస్తూనే ఉంటాయి. ఈ పురుగును చంపే చిన్న పరాన్నజీవి కందిరీగలు కూడా ఆ ఆకుల్లోనే ఉంటాయి.

గీతల వెంట పసుపు వలయంతో గోధుమరంగు గరుకు మచ్చలు లేస్తే గజ్జి తెగులు బాక్టీరియా ఆ గాయాల గుండా చేరినట్లే. అప్పుడు లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేయాలి. కాపుకొచ్చిన పెద్ద చెట్లకు సాధారణంగా ఏ మందూ అవసరం లేదు.