జనాన్ని చూసి హోటల్ ఎంచుకోవచ్చా? మీ షార్ట్‌కట్‌ను పరీక్షించుకోండి

"జనం ఎక్కువున్న హోటల్‌కే పోదాం" అనే లెక్క చిత్తూరులో ఆఫీసులున్న వీధిలో బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ తినేది రోజూ వచ్చేవాళ్లే, ఇడ్లీ బాగలేకపోతే రేపు రారు. తిరుపతి బస్టాండు ఎదుట అదే లెక్క నమ్మకండి. అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది దర్శనానికి వచ్చినవాళ్లు, వాళ్లకీ ఆ హోటల్ కొత్తే, బస్సు దిగగానే కనబడింది కాబట్టి లోపలికి పోయారు. అక్కడైతే ఆటోవాళ్లు, పక్క షాపుల్లో పనిచేసేవాళ్లు ఎక్కడ టిఫిన్ తింటున్నారో చూడండి.

అంటే ఏ షార్ట్‌కట్ వాడే ముందైనా, మీరు చూస్తున్న గుర్తుకూ మీకు కావలసినదానికీ ఈ చోట సంబంధం ఉందా అని అడగండి. 1978లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ దీన్ని కత్తెరతో పోల్చారు: ఒక పక్క మన బుర్ర, రెండో పక్క చుట్టూ ఉన్న పరిస్థితి, రెండూ కలిస్తేనే తెగుతుంది.

తర్వాత, తప్పు చేస్తే ఎన్నాళ్లకు తెలుస్తుందో చూడండి. రెండు పూటలా పాలు పితికే మనిషి "ఈ ఆవుకు ఒంట్లో బాగలేదు" అంటే కారణం చెప్పలేకపోయినా నమ్మండి, ఆమె అంచనా సరైనదో కాదో రోజూ తేలిపోతుంటుంది. మామిడి మొక్క నాటేటప్పుడు మాత్రం ఎవరి మనసుకు తోచిందీ చాలదు, ఫలితం రావడానికి ఏళ్లు పడుతుంది, కాబట్టి కాపు కాస్తున్న తోటలు నాలుగైదు తిరిగి, లెక్కలు అడిగి తెలుసుకోండి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది టమోటా. "పోయినసారి రేటు పలికింది, ఈసారీ అదే వేద్దాం" అని ఒక్కరు అనుకుంటే పర్వాలేదు, ఊరంతా అనుకుంటే మదనపల్లె మార్కెట్‌కు సరుకు ఒక్కసారే వచ్చిపడుతుంది. 2023 జులైలో కిలో వంద దాటిన టమోటా సెప్టెంబర్‌కల్లా ఎలా పడిపోయిందో రైతులకు గుర్తుండే ఉంటుంది. అందరూ ఒకే గుర్తును చూసి నడిచేచోట ఆ గుర్తుకు విలువ పోతుంది.

రేటు ఊహించలేనప్పుడు పనికొచ్చే షార్ట్‌కట్ వేరే ఉంది: సమానంగా పంచేయడం. పెట్టుబడుల లెక్కలకు 1990లో నోబెల్ పొందిన హ్యారీ మార్కోవిట్జ్ కూడా తన రిటైర్మెంట్ డబ్బును షేర్లలో సగం, బాండ్లలో సగం పెట్టానని చెప్పారు. రెండెకరాలుంటే మొత్తం టమోటాకే ఇవ్వకుండా రెండు మూడు పంటలకు పంచండి, టమోటా కూడా ఒకేసారి నాటకుండా కొన్ని వారాల తేడాతో నాటండి.