హైస్కూల్ మధ్యలో ఆగిన చదువును విశాఖలో మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

తొమ్మిదిలో బడి మానేసి హార్బర్‌లో పనికి వెళ్తున్న కుర్రాడు ఒకడు. పదిలో లెక్కలు పోయి ఇంట్లో కూర్చున్న అమ్మాయి ఇంకొకరు. ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు. ఏ కోర్సు అన్నది తర్వాత. ముందు బీరువా తెరిచి ఏ కాగితాలున్నాయో చూడండి.

మొదట: ఎక్కడ ఆగారు?

పది పరీక్షలో ఒకటి రెండు సబ్జెక్టులే పోతే, రోజూ బడికి వెళ్లకుండా చదివి పరీక్ష రాసే ఓపెన్ స్కూల్ ఆలోచనే వద్దు. ఫలితాల తర్వాత, పోయిన సబ్జెక్టులు మళ్లీ రాసుకోవడానికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు పెడతారు. చదివిన బడిలోనే ఫీజు కట్టాలి. గడువు కొద్ది రోజులే కాబట్టి ఏడుపులు, తిట్లు ముగిసేదాకా ఆగితే అది దాటిపోతుంది.

పదిదాకా రాకుండానే మానేస్తే పాత బడికి వెళ్లి టీసీ లేదా రికార్డ్ షీట్ తెచ్చుకోండి. అందులోని పుట్టిన తేదీ, పేరు ఆధార్‌తో సరిపోయాయా? ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మెమో వచ్చాక దిద్దించడం పెద్ద తలనొప్పి.

తర్వాత: ఏ ఓపెన్ స్కూల్?

రెండున్నాయి. మనవాళ్లు ‘ఓపెన్ టెన్త్’ అనేది ఎక్కువగా రాష్ట్రానికి చెందిన ఏపీ సార్వత్రిక విద్యాపీఠాన్నే. రెండోది కేంద్రం 1989లో స్థాపించిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్. పదికి 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 ఏళ్లు నిండాలి.

తెలుగు మీడియంలో చదివి ఇక్కడే ఉండేవాళ్లకు రాష్ట్రానిదే హాయి అంటాను. క్లాసులు ఎక్కువగా ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉంటాయి కాబట్టి పనికి వెళ్లే పిల్లలకూ కుదురుతుంది. నేవీ కుటుంబాల్లా బదిలీలు తప్పనివాళ్లకు ఎన్‌ఐఓఎస్ మేలు. అందులో పాసవ్వాలంటే ఐదు సబ్జెక్టులు చాలు. అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు కాబట్టి ఒక్కో సబ్జెక్టే రాసుకుంటూ పోవచ్చు. ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు. వాటిని ఎవరితోనో రాయించి పిల్లలకు మనమే అన్యాయం చేస్తుంటాం.

ఎన్‌ఐఓఎస్ పదిలో లెక్కలు తప్పనిసరి కాదు. ఇది విని చాలామంది ఎగిరి గంతేస్తారు. కానీ రేపు పాలిటెక్నిక్‌కు వెళ్లాలంటే పదిలో లెక్కలు ఉండాల్సిందే. సబ్జెక్టుల పేర్లు రాసేముందు పిల్లల్ని కూర్చోబెట్టి అడగండి.

అప్లికేషన్ వేసేటప్పుడు

సొంతంగా ఆన్‌లైన్‌లో వేయండి. రాకపోతే దగ్గర్లోని స్టడీ సెంటర్‌కు వెళ్లండి. ఆ సెంటర్ పేరు అధికారిక వెబ్‌సైట్ జాబితాలో ఉందో లేదో మాత్రం చూసుకోండి. మా వీధిలో ఒకాయన ‘పరీక్ష రాయక్కర్లేదు, పాస్ గ్యారంటీ’ అన్న ఏజెంటుకు డబ్బు కట్టాడు. రశీదు లేదు, హాల్‌టికెట్ రాలేదు, మనిషి ఫోనెత్తలేదు. అబ్బాయికి ఏడాది పోయింది.

‘ఏడాదిలో ఇంటర్’ అనే బోర్డులు కూడా కనిపిస్తుంటాయి. ఎన్‌ఐఓఎస్‌లో అయితే పది పాసయ్యాక రెండేళ్ల గ్యాప్ ఉంటేనే ఇంటర్ సర్టిఫికెట్ చేతికొస్తుంది.

చేతిపని ఇష్టమైతే

పుస్తకం పట్టుకుంటే నిద్రొచ్చే పిల్లాడు మోటారు విప్పితే అన్నం మర్చిపోతాడా? కంచరపాలెంలో ప్రభుత్వ ఐటీఐ, ప్రభుత్వ పాలిటెక్నిక్ రెండూ ఉన్నాయి. ఐటీఐల్లో వెల్డర్ లాంటి కొన్ని ట్రేడులకు ఎనిమిది పాసైతే చాలు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్‌కు పది ఉండాలి, రెండేళ్లు చదవాలి. మన ఊళ్లో నేవల్ డాక్‌యార్డ్‌కు సొంత అప్రెంటిస్ స్కూలుంది. అక్కడ చేర్చుకునేటప్పుడు ఐటీఐ మార్కులే కాదు, పది మార్కులూ చూస్తారు. అందుకే ఎనిమిదితో ఐటీఐలో చేరినా, పక్కన ఓపెన్ టెన్త్ కూడా కట్టించమంటాను. ఫీజు, ఆదివారం క్లాసుకు బస్సు చార్జీ, నోట్సుల ఖర్చు తప్ప పెద్ద భారం పడదు.