సీటు వెనుక సీసా ఎగిరిపడకుండా

ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన పోటీ అయిన ట్రయథ్లాన్ సాధనలో ఐదు గంటల సైకిల్ ప్రయాణానికి ఫ్రేముకు అమరే రెండు 750 మిల్లీలీటర్ల సీసాలు నాకు ఎన్నడూ చాలలేదు. సీటు వెనుక మరో రెండింటికి హోల్డర్లు బిగించుకున్నాను గానీ, మొదటి గతుకుకే నిండు సీసా ఒకటి ఎగిరిపడి, నేను బ్రేకు వేసేలోగా దొర్లుకుంటూ రోడ్డు పక్క పొదల్లోకి పోయింది. పట్టు గట్టిగా ఉండే హోల్డర్లకు మారి, పాత ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీని సీసా మెడకు తగిలించాక మళ్ళీ ఒక్కటీ పడలేదు. ఆపి తీసుకోవలసి రావడం చిరాకే, అయినా దాహం కంటే నయం.

ఎంత నీరు కావాలన్నది మాత్రం తూకమే చెప్పింది. ప్రయాణంలో తగ్గిన కిలోలకు తాగిన లీటర్లు కలిపి గంటలతో భాగిస్తే, నా చెమట గంటకు దాదాపు 900 మిల్లీలీటర్లని తేలింది. అంతా మోయడమంటే నాలుగున్నర కిలోలు, కనుక సగం దూరంలో నీరు నింపుకునే చోటు వచ్చేలా దారి ఎంచుకుంటున్నాను.